మొదటి ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ మిలిటరీ బూర కొన్నాను, అసలుదేనా?

కెమ్నిట్స్_కుర్రోడు
పాత బ్యాండు వాయిద్యాల సంగతి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. నేను జర్మనీలో కెమ్నిట్స్‌లో ఉంటాను, ఐటీలో పని, నాలుగేళ్ళయింది. పోయిన ఆదివారం పక్క టౌన్‌లో పాత సామాన్ల సంత జరిగితే కూరగాయల కత్తి కొందామని వెళ్ళి బూర కొనుక్కొచ్చాను. వాల్వులు (స్వరం మార్చే మీటలు) లేని చిన్న ఇత్తడి బూర, గొట్టం రెండు చుట్లు తిరిగి ఉంది. బెల్ (బూర వెడల్పు నోరు) అంచు చుట్టూ వెండిలా తెల్లటి పట్టీ, దాని మీద తయారుచేసినవాళ్ళ పేరు, పక్కన మార్క్‌నోయ్‌కిర్షెన్ అని ఊరు. పట్టీకి రెండు వేళ్ళ పైన కిరీటం ముద్ర, దాని కింద 104, ఆ కింద 1914. తెలుపు, ఆకుపచ్చ కలిపి పేనిన తాడు, చివర్న కుచ్చులు.

అమ్మినాయన "ఇది సాక్సనీ 104వ రెజిమెంట్‌ది, మా తాత ఫ్రాన్స్ యుద్ధం నుంచి తెచ్చాడు" అని కళ్ళు తుడుచుకుంటూ చెప్పాడు. ఇంటికొచ్చి వెతికితే ఆ రెజిమెంట్ నిజంగానే కెమ్నిట్స్‌లో ఉండేదట. 220 అన్నాడు, 180 యూరోలకి ఇచ్చాడు. సోమవారం ఆఫీసులో ఫోటో చూపిస్తే పక్క సీటు జర్మన్ ఒక్క చూపు చూసి "ఫోయర్‌వేర్" అని మళ్ళీ పనిలో పడ్డాడు. అంటే ఫైరింజన్ వాళ్ళదని. అప్పట్నుంచి నిద్ర లేదు. ఇంట్లో 40 యూరోలని చెప్పాను. అసలుదో నకిలీదో తేల్చండి.

రాగిచెంబు
ఆ డబ్బుకి మా ఊళ్ళో పెళ్ళికి మేళమే మాట్లాడుకోవచ్చు, బూరలు వాళ్ళే తెచ్చుకుంటారు.

మంగళగిరి_మాధవి
40 అని చెప్పావా? రసీదు ఎక్కడ దాచావో ముందు చూసుకో తమ్ముడూ.

పాతసామాన్ల_పంతులు
"అసలా నకిలీనా" అన్న ప్రశ్న దగ్గరే చాలామంది పప్పులో కాలేస్తారు. నేను న్యూరెంబర్గ్ వైపు ఇరవై ఏళ్ళుగా ఉంటున్నాను, ఈ పిచ్చి నాకు పదిహేనేళ్ళుగా ఉంది. ఈ కాలంలో నేను చూసిన వాటిలో బూరని బూరగా నకిలీ చేసినవి తక్కువ. బూర నిజమైనదే ఉంటుంది, పాతదే ఉంటుంది, జర్మనీదే అయి ఉంటుంది. దొంగది దాని కథ. మామూలు బూరకి సైనికుడి చరిత్ర అతికిస్తారు, ఎందుకంటే యూనిఫాం వేసుకున్న బూర ధర మూడు నాలుగింతలు.

మార్క్‌నోయ్‌కిర్షెన్ అన్న పేరు చూసి మురిసిపోకండి. అది సాక్సనీలో చెక్ సరిహద్దు దగ్గర, ఫోగ్ట్‌లాండ్ అనే ప్రాంతంలో చిన్న ఊరు. అక్కడ వయొలిన్ చేసేవాళ్ళు 1677లోనే సంఘం పెట్టుకున్నారు, తర్వాత ఇత్తడి వాయిద్యాల వాళ్ళు వచ్చారు. ఆ ఊరి నుంచి అమెరికాకి ఎంత సరుకు వెళ్ళేదంటే 1893 నుంచి 1916 దాకా అమెరికా వాళ్ళు అక్కడ కాన్సులేట్ నడిపారు, వాయిద్యాల ఎగుమతి కాగితాల కోసమే. అలాంటి ఊళ్ళో ఒకే బల్ల మీద సైన్యానికీ, ఫైర్ సర్వీసుకీ, వేటగాళ్ళకీ, ఊరి తుపాకీ క్లబ్బుకీ బూరలు తయారయ్యేవి. పట్టీ మీద ఊరి పేరు ఉంటే అది ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది, ఎవరు ఊదారో తెలియదు.

ఫోటోలు ఇంకా పెట్టండి: ముద్ర దగ్గర్నుంచి, బెల్ లోపలి వైపు, మౌత్‌పీస్ దూరే చోటు, తాడు వేలాడే కడియాలు.

జనరల్_గారు
పంతులు గారు ఊరికే భయపెడుతున్నారు. కిరీటం ఉంది, రెజిమెంట్ నంబర్ ఉంది, ఏడాది ఉంది, ఆ రెజిమెంట్ ఆ ఊరిదే. తాడు రంగులు తెలుపు ఆకుపచ్చ, అంటే సాక్సనీ రంగులు. ఇంకేం కావాలి? ఆ కాలం జర్మన్ తుపాకులు, బాయ్‌నెట్ల మీద ఇలాంటి ముద్రలే ఉంటాయి. నా దగ్గర రెండు బాయ్‌నెట్లు ఉన్నాయి. 180 కి మంచి బేరం.

పాతసామాన్ల_పంతులు
జనరల్ గారూ, మీ బాయ్‌నెట్ ముద్ర ఒకసారి చదవండి. "107.ఆర్.7.45" లాగా ఉంటుంది కదా? 107వ పదాతి రెజిమెంట్, 7వ కంపెనీ, 45వ ఆయుధం అని. ఎవడికిచ్చారో పోతే ఎవర్ని అడగాలో తెలియడానికి వేసే ముద్ర అది, ఆఫీసు కుర్చీల వెనక పెయింట్‌తో నంబర్ వేసినట్టు. ఇక్కడ కంపెనీ లేదు, వస్తువు నంబర్ లేదు. కొనేవాడు చూడగానే మనసు పారేసుకునే మూడు మాత్రం ఉన్నాయి: కిరీటం, రెజిమెంట్, 1914. సైన్యం తన లెక్క కోసం ముద్ర వేస్తుంది. దొంగ ముద్ర కొనేవాడి కోసం వేస్తారు.

ఇంకో సంగతి, బ్యాండు వాయిద్యాల మీద ముద్ర లేకపోయినా అవి సైన్యానివే అయి ఉండొచ్చు. పెద్ద బ్యాండులకి ప్రభుత్వం ఇచ్చేది చాలక రెజిమెంట్ ఆఫీసర్లు తమ జేబుల్లోంచి చందాలేసుకునేవాళ్ళు. వాళ్ళ డబ్బుతో కొన్న ట్రంపెట్ మీద ఆయుధం ముద్ర ఎందుకుంటుంది? కాబట్టి ముద్ర లేనిది నకిలీ అనుకోవడం తప్పు, ఉన్నది అసలు అనుకోవడం అంతకంటే పెద్ద తప్పు.

కెమ్నిట్స్_కుర్రోడు
ఫోటోలు పెట్టాను చూడండి. చెప్పడం మర్చిపోయాను, అదే బల్ల మీద ఇంకోటి కూడా ఉంది, చిన్నది, గొట్టానికి నల్ల తోలు చుట్టారు. దాన్ని "ప్రష్యన్ ఆర్మీ బూర, 90" అన్నాడు. అది కొనుంటే బాగుండేదా?

విస్తరాకు
తోలు చుట్టినదా? అది ప్లెస్ హార్న్ అయి ఉంటుంది, వేటగాళ్ళది. ప్లెస్ రాజు హాన్స్ హైన్‌రిష్ అని జర్మన్ చక్రవర్తి దగ్గర వేట వ్యవహారాలు చూసేవాడు, 1907లో పోయాడు, ఆయన పేరు మీద ఆ బూర పాపులర్ అయింది. చలికాలం అడవిలో చేతికి చల్లగా తగలకుండా, జారకుండా ఆ తోలు. ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి, మా ఆఫీసు మేనేజర్ దగ్గర ఒకటుంది, అడవిపంది దొరికితే ఊదుతాడట. సంతల్లో ఆర్మీ పేరుతో అమ్మే వాటిలో సగం ఇవే.

రాగిచెంబు
మేనేజర్ కాబట్టి అప్రైజల్ రోజున కూడా ఊదుతాడేమో అడుగు.

బ్యాండుమేళం_బాబ్జీ
నాకు జర్మనీ తెలియదు, ఇత్తడి తెలుసు. రాజమండ్రిలో మా తాత, మా నాన్న, ఇప్పుడు నేను, మూడు తరాలుగా బ్యాండు మేళం. కొత్త వాయిద్యాలకి నాన్న మీరట్ వెళ్ళేవాడు, అక్కడ జలీ కోఠీ అని వీధి వీధంతా బ్యాండు సామాన్లే. పాతవాటికి సొట్టలు తీయడం, టంకం పెట్టడం ఇంట్లోనే.

తమ్ముడూ, బెల్ లోపలికి వేలు పెట్టి ముద్ర వెనక వైపు తడిమి చూడు. బెల్ రేకు చాలా పల్చన, అర మిల్లీమీటరు కూడా ఉండదు. తయారీలో ముద్ర వేసేవాడు కింద ఇనప దిమ్మ పెట్టి వేస్తాడు, అప్పుడు లోపలి వైపు సాపుగానే ఉంటుంది. అంతా అయిపోయిన బూర మీద ఎవడో ఇంట్లో కూర్చుని సుత్తితో అచ్చు కొడితే లోపల దిమ్మ ఉండదు, రేకు వెనక్కి పొంగుతుంది. వేలికి గోరుచిక్కుడు గింజలా తగులుతుంది. కళ్ళు మోసపోతాయి గానీ వేలు మోసపోదు.

ఇంకోటి. ముద్ర గీతల లోపల కిలుము చూడు. బూరంతా నల్లబడి గీతల అడుగు మాత్రం పచ్చగా మెరుస్తుంటే ముద్ర నిన్న మొన్నటిది. గీతలు కూడా నల్లబడి, అంచులు చేతి రాపిడికి అరిగి మెత్తబడి ఉంటే పాతది.

కెమ్నిట్స్_కుర్రోడు
బాబ్జీ అన్నా, తడిమాను. కిరీటం దగ్గర గింజ ఉంది. 104 దగ్గర కూడా ఉంది. ఒక 4 కి ఎక్కువ, ఒక 1 కి తక్కువ. కడుపులో దేవినట్టయింది.

జనరల్_గారు
రిపేరు చేసినప్పుడు కూడా అలా అవ్వొచ్చు.

బ్యాండుమేళం_బాబ్జీ
అవ్వొచ్చు సార్. కానీ సొట్ట తీసేటప్పుడు వెనక్కి పొంగినది అంకె ఆకారంలో పొంగదు.

సాలెపురుగు
😂😂 ఈ థ్రెడ్ ఇంక వదలను.

హాంబర్గ్_హరిత
నా కథ వినండి, కుర్రోడికి కాస్త ఊరటగా ఉంటుంది. ఆరేళ్ళ కింద "1914 నాటి ప్రష్యన్ సైడ్ డ్రమ్ము" కొన్నాను, ఇత్తడి పీపా, చెక్క వలయాల మీద పెయింట్. గోడకి తగిలించి గర్వంగా అందరికీ చూపించేదాన్ని. మా మామగారు హైదరాబాద్ నుంచి వచ్చారు, రిటైర్డ్ ఫిట్టర్, రైల్వేలో చేశారు. కాఫీ తాగుతూ డ్రమ్ము వైపు చూసి "ఏమ్మా, ఈ స్క్రూలు ప్లస్ గాడివి కదా, 1914లో ఎక్కడివి?" అన్నారు. ప్లస్ స్క్రూలు మార్కెట్లోకి వచ్చింది 1930ల మధ్యలో, అమెరికాలో ముందు. అంతకుముందు ఒకటే గాడి. కాఫీ చల్లారిపోయింది నాకు.

పాతసామాన్ల_పంతులు
మీ మామగారికి నమస్కారాలు చెప్పండి. కానీ ఒక్క స్క్రూ చూసి డ్రమ్ముని ఉరి తీయకండి. డ్రమ్ము వాడిన వస్తువు, స్క్రూలు పోతాయి, చర్మం చిరుగుతుంది, తాళ్ళు తెగుతాయి, దొరికింది వేస్తారు. అన్ని స్క్రూలూ ప్లస్‌వే, పైగా వాటి కింద పాత స్క్రూ తల నొక్కిన గుర్తు ఎక్కడా లేదు అంటే అప్పుడు కేసు గట్టిది. చర్మం కూడా అంతే: ప్లాస్టిక్ చర్మాలు 1950ల చివర్లో వచ్చాయి, కాబట్టి ప్లాస్టిక్ ఉంటే ఆ చర్మం వయసు తెలిసింది, పీపా వయసు కాదు.

హాంబర్గ్_హరిత
అన్నీ ప్లస్‌వే అండి 😞 లోపల స్టిక్కర్ కూడా ఉంది, నాలుగంకెల పిన్‌కోడ్‌తో.

పాతసామాన్ల_పంతులు
అయితే అయిపోయింది. పశ్చిమ జర్మనీలో నాలుగంకెల పిన్‌కోడ్ 1961లో వచ్చింది, తూర్పులో ఇంకో నాలుగేళ్ళకి, 1993లో దేశమంతా ఐదంకెలైంది. ఆ మధ్య కాలపు స్పీల్‌మాన్స్‌త్సూగ్ డ్రమ్ము మీది. ఊరి ఫైర్ సర్వీసుకీ, తుపాకీ క్లబ్బుకీ ఇలాంటి డప్పు, పిల్లంగ్రోవి జట్లు ప్రతి ఊళ్ళో ఉంటాయి. మన భజన బృందాల్లాంటివనుకోండి, కాకపోతే యూనిఫాం వేసుకుని నడుస్తారు. వాళ్ళ డ్రమ్ములు చూడ్డానికి సైన్యం డ్రమ్ములకి కవల పిల్లలు.

ఇలాంటి గుర్తులే పనికొస్తాయి, కిరీటాలు కాదు. "మేడ్ ఇన్ జర్మనీ" అని ఇంగ్లీషులో ఉంటే 1887 తర్వాతది, ఆ ఏడాది బ్రిటన్ చట్టం చేసి విదేశీ సరుకు మీద దేశం పేరు రాయించింది. "డి.ఆర్.జి.ఎం." (జర్మనీలో డిజైన్ నమోదు చేయించుకున్న గుర్తు) అని ఉంటే 1891 తర్వాతది. అన్నిటికంటే నాకిష్టమైనది: "చక్రవర్తి గార్డు దళం ట్రంపెట్" అని ఒకాయన వేలం సైట్లో పెట్టాడు, పెట్టె మూత లోపల దుకాణం చీటీ, ఊరు కార్ల్ మార్క్స్ స్టాట్.

కెమ్నిట్స్_కుర్రోడు
హహ అది మా ఊరే! 1953 నుంచి 1990 దాకా కెమ్నిట్స్ పేరు అదే. ఊరి మధ్యలో మార్క్స్ తలకాయ ఇప్పటికీ ఉంది, బస్సంత ఉంటుంది.

రాగిచెంబు
మార్క్స్‌కి చక్రవర్తి గార్డు దళంలో ఉద్యోగం ఇప్పించాడన్నమాట.

లండన్_లచ్చన్న
దీనికంటే పెద్దది మా బావది. ఫ్రెడరిక్ ది గ్రేట్ సైన్యంలో వాడిన ట్రంపెట్ అని కొన్నాడు, మూడు రోటరీ వాల్వులతో. ఫ్రెడరిక్ పోయింది 1786లో. వాల్వు అనే ఆలోచనకే ప్రష్యాలో పేటెంట్ ఇచ్చింది 1818లో, స్టోల్ట్‌జెల్, బ్లూమెల్ అని ఇద్దరికి. ఇప్పుడు మనం చూసే తిరిగే వాల్వు వియన్నాలో 1835లో వచ్చింది. బావకి చెప్తే "ముందే కనిపెట్టి దాచుకున్నారేమో" అన్నాడు. అక్క కోసం నోరు మూసుకున్నాను.

బ్యాండుమేళం_బాబ్జీ
అంటే అంతకుముందు మిలిటరీ బ్యాండులో పెద్ద బేస్ బూర ఏం వాడేవాళ్ళు? మా దగ్గర బేస్ లేకపోతే మేళానికి నడుం ఉండదు.

లండన్_లచ్చన్న
సర్పెంట్ అనీ, బాస్ హార్న్ అనీ ఉండేవి అన్నా, గొట్టానికి చిల్లులు, వేళ్ళతో మూసి ఊదేవి. ట్యూబాకి పేటెంట్ తీసుకున్నది 1835లో, బెర్లిన్‌లో, వీప్రెక్ట్ అనే మిలిటరీ బ్యాండు మాస్టరూ, మోరిట్స్ అనే తయారీదారూ కలిసి. ప్రష్యా బ్యాండులన్నిటినీ ఒక పద్ధతిలోకి తెచ్చింది కూడా ఆ వీప్రెక్టే. కాబట్టి "నెపోలియన్ యుద్ధాల నాటి ట్యూబా" అని ఎవడైనా అమ్మితే ఒక దండం పెట్టి పక్క బల్లకి వెళ్ళిపోండి.

సికింద్రాబాద్_శీను
నాజీల కాలం డ్రమ్ముల గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి, నకిలీలు ఎక్కువ అక్కడే కదా.

హాంబర్గ్_హరిత
ఎక్కువే, పైగా చిరాకు వ్యవహారం. స్వస్తిక్ ఉన్నది బహిరంగంగా చూపించడం జర్మనీలో 86ఎ సెక్షన్ కింద నేరం, చదువు, పరిశోధన లాంటి వాటికి మినహాయింపు ఉంది. అందుకే సంతల్లో అమ్మేవాళ్ళు దాని మీద చిన్న స్టిక్కర్ అంటిస్తారు. ఇప్పుడు తెలివిమీరినవాళ్ళు ఏం చేస్తున్నారంటే మామూలు క్లబ్బు డ్రమ్ము మీద ఊరికే స్టిక్కర్ అంటిస్తున్నారు! కొనేవాడు తనే ఊహించుకుంటాడు. మా స్నేహితుడు ఒకడు అలా కొని ఇంటికెళ్ళి స్టిక్కర్ పీకితే కింద ఏమీ లేదు, పెయింట్ ఇంకా శుభ్రంగా ఉంది. అమ్మినవాణ్ణి అడిగితే "నేనేమైనా ఉందని చెప్పానా" అన్నాడట.

సాలెపురుగు
వాడికి నోబెల్ ఇవ్వాలి.

జనరల్_గారు
నా దగ్గర 1930ల బ్యూగిల్ మీద గద్ద, వాఫెనామ్ట్ నంబర్ ముద్ర ఉంది. అది ప్రభుత్వ తనిఖీ ముద్ర. అది కూడా దొంగదంటారా?

పాతసామాన్ల_పంతులు
వాఫెనామ్ట్ అంటే ఆయుధాల ఆఫీసు. తుపాకీ బ్యారెల్ పేలకుండా ఉందో లేదో చూసే ఇన్‌స్పెక్టర్‌కి బూరతో పనేముంటుందని నా అనుమానం. మీ బ్యూగిల్ చూడకుండా దొంగదని అనను. కానీ నేనైతే ఆ ముద్రకి పైసా ఎక్కువ ఇవ్వను. బాబ్జీ గారి వేలు పరీక్ష చేసి చెప్పండి.

జనరల్_గారు
చేతులు లావు, లోపలికి పోవట్లేదు.

మంగళగిరి_మాధవి
మనవణ్ణి పిలవండి సార్.

ఎర్రజెండా_ఎంకన్న
పక్కదారి అనుకోకపోతే ఒకటి. ఏడెనిమిది గొట్టాలు ఒకదాని పక్కన ఒకటి అతికించినట్టుండే వింత బూర ఒకటి "జర్మన్ ఆర్మీ మల్టీ ట్రంపెట్" అని అమ్ముతుంటారు. దాని పేరు షాల్మాయ్, మార్టిన్ ట్రంపెట్ అని కూడా అంటారు. ఒక్కో గొట్టానికి ఒక్కో స్వరం, లోపల రీడ్ ఉంటుంది, ఊదడం తేలిక. సంగీతం రానివాళ్ళు కూడా నెల రోజుల్లో పట్టేస్తారు కాబట్టి 1920ల్లో కమ్యూనిస్టుల ఎర్ర ఫ్రంట్ దళాల బ్యాండులన్నీ దీన్నే పట్టుకున్నాయి. తర్వాత తూర్పు జర్మనీలో కూడా మోగింది. ఎర్రజెండా ఊరేగింపు వాయిద్యాన్ని తీసుకెళ్ళి సైన్యం ఖాతాలో రాస్తారు, ఎంత అన్యాయం!

రాగిచెంబు
ఎంకన్నకి ప్రతి థ్రెడ్‌లో ఒక ఊరేగింపు దొరుకుతుంది.

గోదారిగట్టు
కుర్రోడూ, ఏం చేసినా దాన్ని తోమకు. మా అత్తగారు బంగారం లాంటి మనిషి, పండక్కి వచ్చి షోకేసులో నల్లగా ఉందని మా ఆయన కొన్న పాత ట్రంపెట్‌ని చింతపండు, ఇటుక పొడి వేసి రెండు గంటలు తోమింది. తళతళా మెరిసింది. వందేళ్ళ రంగు సింక్‌లో పోయింది, అక్కడక్కడా రాగిలా గులాబీ మచ్చలు తేలాయి. మా ఆయన మూడు రోజులు మాట్లాడలేదు, ఆవిడకి ఇప్పటికీ ఎందుకో అర్థం కాలేదు, "శుభ్రం చేశాను కదా" అంటుంది.

బ్యాండుమేళం_బాబ్జీ
పులుపు ఎక్కువసేపు ఉంచితే జింకు పోయి రాగి మిగులుతుందమ్మా, అదే ఆ గులాబీ రంగు. అయితే ఎర్ర మచ్చలు పాత బూరకి వాటంతటవే కూడా వస్తాయి, మౌత్‌పీస్ దగ్గర గొట్టంలో, ఏళ్ళ తరబడి ఉమ్మి తగిలి లోపల్నుంచి బయటికి తింటాయి. వయసు చూడాలంటే నేను అక్కడ చూస్తాను. అమ్మోనియా ఆవిరి పట్టించి బూరని ఒక్క రాత్రిలో ముసలిదాన్ని చేసేవాళ్ళుంటారు, కానీ అది బయట అంతా ఒకేలా పూసినట్టుంటుంది. నిజంగా ఊదిన బూరకి ఎడం చెయ్యి పట్టుకునే చోట అరుగుదల ఉంటుంది, కింద పెట్టే వైపు చిన్న చిన్న సొట్టలుంటాయి. కుర్రోడి ఫోటోలో అరుగుదల ఉంది. బూర చేసినోడు పనోడే, ఊదినోడు కూడా ఎవడో బాగా ఊదాడు. ముద్ర సంగతే వేరు.

కెమ్నిట్స్_కుర్రోడు
పంతులు గారు ప్రైవేట్ మెసేజ్‌లో చెప్పినట్టు తాడు మీద యూవీ టార్చి వేశాను. చీకట్లో డిస్కో లైటులా నీలంగా వెలిగింది.

పాతసామాన్ల_పంతులు
తెల్లటి బట్టలు ఇంకా తెల్లగా కనిపించడానికి కలిపే రసాయనం అది, యుద్ధం తర్వాతే మామూలైంది. పాత నూలు, ఉన్ని అలా వెలగవు. ఒక పోగు తీసి అగ్గిపుల్లతో కాల్చండి: నూలైతే కాగితంలా కాలి బూడిదవుతుంది, నైలాన్ అయితే కరిగి గట్టి ఉండలా అవుతుంది. తాడు మార్చడం మామూలే కాబట్టి బూరకి అది నేరం కాదు. కాకపోతే సాక్సనీ రంగులు ఏరి మరీ కట్టారంటే అమ్మేవాడు హోంవర్క్ చేశాడని అర్థం.

విస్తరాకు
ట్యూనర్ యాప్‌తో శ్రుతి చూడొచ్చు కదా? ఇప్పటి 440 ("ఎ" స్వరానికి సెకనుకి కంపనాలు) అంతర్జాతీయ ఒప్పందం 1939ది, అంతకుముందు 1885 వియన్నా సమావేశం 435 అంది. పాత బూర అయితే తేడా తెలియాలి.

బ్యాండుమేళం_బాబ్జీ
పుస్తకంలో బావుంటుంది బ్రదర్. వాల్వులు లేని బూరలో పెదవి కాస్త బిగిస్తే శ్రుతి పైకి, వదిలితే కిందికి. మౌత్‌పీస్ మారిస్తే ఇంకో తేడా. చలికాలం పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. కుర్రోడు ఊదితే వచ్చేది 440 కాదు, 435 కాదు, గేదె.

కెమ్నిట్స్_కుర్రోడు
నిజమే, నిన్న ఊదితే పై ఇంటావిడ తలుపు కొట్టింది 😅

అసలు సంగతి వినండి. తాడు విప్పేశాక కడియం కింద నల్లటి జిడ్డు పేరుకుని ఉంటే తడిబట్టతో తుడిచాను, తోమలేదు గోదారిగట్టు గారూ, తుడిచానంతే. గోరంత గుర్తు బయటపడింది. మూడు మూలల బిళ్ళలా, లోపల 1 అంకె. దీని వెనక బెల్ లోపల తడిమితే సాపుగా ఉంది, గింజ లేదు. ఇదేంటి?

పాతసామాన్ల_పంతులు
తేలిపోయింది. అది తూర్పు జర్మనీ క్వాలిటీ ముద్ర. అంటే మీ బూర 1949 తర్వాతది, నా అంచనా 50లు, 60లు. మార్క్‌నోయ్‌కిర్షెన్ ఆ కాలంలో తూర్పు జర్మనీలోనే ఉంది, ప్రైవేటు వర్క్‌షాపులు ఇంకా తమ పేర్లతోనే నడిచేవి, 1972లో మిగిలిన ప్రైవేటు ఫ్యాక్టరీలని కూడా ప్రభుత్వం తీసేసుకుంది. అమ్మినాయన కిరీటం కొట్టాడు గానీ కడియం కింద జిడ్డు తుడవడానికి బద్ధకించాడు.

జనరల్_గారు
సరే, ఒప్పుకుంటున్నాను. ఆ సీటు జర్మన్ ఒక్క చూపులో ఎలా చెప్పాడో అడగండి.

కెమ్నిట్స్_కుర్రోడు
అడిగాను. వాళ్ళ నాన్న ఊరి ఫైర్ సర్వీసులో ముప్పై ఏళ్ళు వాలంటీరు, ఇంట్లో అచ్చం ఇలాంటిదే మేకుకి వేలాడుతుందట.

సికింద్రాబాద్_శీను
డబ్బులు వెనక్కి అడుగు. మోసం కదా ఇది, పోలీస్ కంప్లయింట్ ఇవ్వాలి.

హాంబర్గ్_హరిత
నోటిమాట తప్ప కాగితం లేనప్పుడు కష్టం. తర్వాతిసారి నుంచి అమ్మేవాడు చెప్పిన కథ వాడి చేతే రసీదు మీద రాయించుకో. "1914, 104వ రెజిమెంట్" అని రాసి సంతకం పెట్టమంటే సగం మందికి పెన్ను దొరకదు.

లండన్_లచ్చన్న
ఈ టెక్నిక్ బావకి చెప్తాను. వద్దులే.

సాలెపురుగు
ముద్ర లేకుండా అయితే ఇప్పుడు దాని రేటెంత?

పాతసామాన్ల_పంతులు
సంతలో 40, 50. దొంగ ముద్ర వల్ల ఇంకాస్త తక్కువ కూడా అనొచ్చు. ముద్ర గీకించే పని మాత్రం పెట్టుకోకండి, రేకు పల్చన, చిల్లు పడుతుంది.

మంగళగిరి_మాధవి
చూశావా తమ్ముడూ, ఇంట్లో నువ్వు చెప్పిన ధరే కరెక్టు!

కెమ్నిట్స్_కుర్రోడు
అప్‌డేట్. నిన్న సాయంత్రం కొలీగ్ వాళ్ళ నాన్న దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయనకి ఎనభై దాటాయి. కిరీటం చూసి పడీ పడీ నవ్వాడు. తర్వాత జేబు రుమాలుతో మౌత్‌పీస్ తుడిచి, వరండాలో నిలబడి ఊదాడు. నేను ఊదితే వచ్చిన గేదె కాదది. రెండు స్వరాలు, పొడుగ్గా, మళ్ళీ మళ్ళీ. ఎదురింట్లో కిటికీ తెరుచుకుని ఒక ముసలావిడ "ఎక్కడ మంట?" అని అరిచింది. ఆయన ఊపిరి అందక కుర్చీలో కూర్చుని ఇంకా నవ్వుతున్నాడు. మా పాప ఇంకోసారి ఊదమని ఒకటే గోల.

అమ్మట్లేదు. సంక్రాంతికి ఇంటికొస్తున్నా, బాబ్జీ అన్నా, రాజమండ్రి వచ్చి నీకు చూపిస్తాను.

బ్యాండుమేళం_బాబ్జీ
తెచ్చెయ్ తమ్ముడూ. లోపలి గింజలు నేను ఇనప దిమ్మ పెట్టి సాపు చేస్తాను, కిరీటం పోదు గానీ బెల్ మోత బాగుపడుతుంది. మౌత్‌పీస్ హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకో, చెకిన్‌లో పోతే నీ సైజుది ఇక్కడ దొరకదు.

రాగిచెంబు
కస్టమ్స్‌లో అడిగితే ఏం చెప్తావు, 1914 అనా 1960 అనా?

కెమ్నిట్స్_కుర్రోడు
40 యూరోలు అని.